పాలు తాగిన ఫోమ్ రింగు

“శ్రీకుమార్‌ను చంపింది ఎన్నూరు రాయి కాదు. మీరు చంపినారు. టైరు లోపల చెత్త పెట్టి ఇచ్చినోళ్ళు, ఆ చెత్తను దాచినోళ్ళు, దాచి ఈ పిల్ల మీద వేలు చూపించినోళ్ళు, అందరూ కలిసి చంపినారు. ఇప్పుడు చెప్పండి. ఆ బీరువా తాళం మీరు తీస్తారా, నేను పగలగొట్టాల్నా?”

చెన్నై పురసవాక్కంలో మేరు సైకిల్స్ షోరూము వెనక వర్క్‌షాపులోకి అడుగుపెట్టి నేనన్న మొదటి మాట ఇదే. నమస్కారం పెట్టలేదు. పెట్టించుకునే మొహం ఆ గదిలో ఎవరికీ లేదు.

గదిలో ఇద్దరున్నారు. ఒకడు వెంకట్రామ్, మేరు కంపెనీ హెడ్ మెకానిక్. నన్ను చూడగానే చేతిలోని స్పానరు కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ కింద పెట్టాడు. రెండోవాడు నాగప్పన్. పోలీసు ఉద్యోగం చేసి రిటైరై ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణలు చేస్తాడు. ప్రైవేటు డిటెక్టివుగా నేను తిరిగే ప్రతి కేసులోనూ నాకంటే ముందొచ్చి కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి.

“వాంగో అలమేలమ్మా,” అన్నాడు కుర్చీ లోంచి కదలకుండా. “చింతాద్రిపేటలో భార్యాభర్తల తగాదాలు అయిపోయినాయా? సైకిళ్ళకు దిగినావే.”

“మీరు మనుషుల్ని వదిలి ఇన్సూరెన్సుకు దిగలేదా సార్? అట్లనే.”

నా వెనక సంయుక్త నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. భుజానికి ఒక గుడ్డ సంచి. శ్రీకుమార్‌తో కలిసి మేరు కంపెనీ జట్టులో కొండ సైకిలు తొక్కింది. రెండు వారాల కింద ఆదివారం ఎన్నూరు బూడిద దిబ్బల వెనక మేరు కంపెనీ కట్టిన ట్రాకు మీద శ్రీకుమార్ రాళ్ళమెట్టు దిగుతుంటే ముందు టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చింది. బండి పైన, మనిషి కింద. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ పొద్దున టైర్లలో గాలి కొలిచింది సంయుక్త. ‘గాలి మరీ తగ్గించింది, ఆమె నిర్లక్ష్యం వల్లనే చావు’ అని కంపెనీ ఫిర్యాదు. దానికి గట్టి మద్దతుగా నాగప్పన్ రిపోర్టు.

సంయుక్తను ఈ సాయంత్రం అయిదింటికి స్టేషనుకు రమ్మన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆదిమూలం. అరెస్టు చేస్తానని చెప్పే పిలిచాడు. ఆలోపు ట్రాకు దగ్గరకో తోటి రైడర్ల దగ్గరకో పోతే సాక్షుల్ని చెడగొడుతున్నావని ఆడికాడే లోపలేస్తానన్నాడు. ఇప్పుడు రెండు దాటింది. నా చేతిలో రుజువు లేదు. కోపం ఉంది, అంతే.

“తాళం తీయండి వెంకట్రామ్,” అన్నాను.

అతను నాగప్పన్ వైపు చూశాడు. ఎవరి గదిలో ఎవరు యజమానో ఆ ఒక్క చూపుతో తెలిసిపోయింది.

“చూపిద్దాం పా,” అన్నాడు నాగప్పన్ తీరిగ్గా. “చూసి పోనీ. రేపు కోర్టులో చూపించలేదని అనకూడదు కదా.”

బీరువాలోంచి పెద్ద ప్లాస్టిక్ సంచి తీశారు. అందులో ముందు చక్రం. సంచి మూతికి ఎర్ర లక్క, దాని మీద ఇన్సూరెన్సు కంపెనీ ముద్ర, నాగప్పన్ సంతకం.

నేను ఫోను తీసి సంయుక్తకిచ్చి వీడియో పెట్టమన్నాను. నాగప్పన్ నవ్వాడు.

“సినిమానా?”

“మీ మొహం అందంగా ఉంటాది కదా సార్, అందుకు. ఒక్క మాట చెప్పండి. ఈ సీలు మీరెప్పుడు వేసినారు?”

“ఆ రోజే. ఆడనే, ఎన్నూరులో. అంబులెన్సు పోయిన గంటలోపల నేను చేరినా. నా చేతులతో సంచిలో పెట్టి లక్క వేసినా.”

“తర్వాత ఎవరైనా విప్పినారా?”

“నా సీలమ్మా అది. ముప్పై ఏళ్ళు పోలీసు పని చేసినా. నా సీలు తాకే మగాడు పుట్టలేదు.”

“అంటే అంబులెన్సు పోయినప్పుడు చక్రం ఎట్లుందో ఇప్పుడూ అట్లనే ఉంది.”

“నూటికి నూరు.”

“సరి. విప్పండి.”

విప్పేలోపు ఈ చక్రం సంగతి చెప్పాలి. నాకూ మొన్నటిదాకా తెలియదు. సంయుక్తను మూడు రోజులు పీడించి నేర్చుకున్నాను. ఈ టైర్లలో ట్యూబు ఉండదు. రిమ్ముకూ టైరుకూ మధ్య ఉత్త గాలి. ఆ గాలి పోకుండా లోపల తెల్లటి రబ్బరు మందు పోస్తారు. సీలెంట్ అని పేరు, వీళ్ళంతా దాన్ని పాలంటారు. ముల్లు గుచ్చుకుంటే ఆ పాలు కంత దగ్గరకు పరిగెత్తి గడ్డకట్టి మూసేస్తాయి. దాంతోపాటు రిమ్ము చుట్టూ లోపలే ఒక ఫోమ్ రింగు. రాయి తగిలితే దెబ్బ రిమ్ముకు పోకుండా అది తింటుంది. గాలి పోయినా టైరు అంచును లోపల్నుంచి ఒత్తి పట్టుకుని ఊడిపోనివ్వదు. ఆ ధైర్యంతోనే గాలి తగ్గించి తొక్కుతారు. గాలి తగ్గితే టైరు రాయిని బాగా పట్టుకుంటుందట.

అంటే ఆ రింగు మీద ప్రాణం పెట్టి మనిషి కొండ దిగుతాడు. మంచి ఫోమ్ పాలను తాగదు. చవక ఫోమ్ స్పాంజిలా తాగేస్తుంది. ఈ తేడా చిన్నదనుకుంటే శ్రీకుమార్ ఫోటోకు వేసిన దండ చూసి రండి.

వెంకట్రామ్ చక్రాన్ని బల్ల మీద పెట్టాడు. టైరు ఒక అంచు రిమ్ములో కూర్చునే ఉంది, రెండోది వేలాడుతోంది. వేలాడే వైపు నుంచి చెయ్యి పెట్టి రింగు బయటికి లాగాడు. పచ్చటి ఫోమ్. దాని మీద ‘మేరు కవచం’ అని అచ్చు. గట్టిగా, నున్నగా, ముద్దుగా ఉంది.

“చూసుకో,” అన్నాడు నాగప్పన్. “సరుకు బ్రహ్మాండంగా ఉంది. చెడిందంతా ఈ పిల్ల పెట్టిన గాలి.”

నేను రింగును చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పాను. వాసన చూశాను. సంయుక్తకిచ్చాను. ఆ పిల్ల దాన్ని వేలితో రుద్ది, వేలి కొస చూసుకుంది.

“అక్కా, ఇది కొత్తది,” అంది.

“ఏందిమే కొత్తది,” అన్నాడు నాగప్పన్.

సంయుక్త తన గుడ్డ సంచిలోంచి ఇంకో రింగు తీసింది. తన పాత బండిలోది, విదేశీ సరుకు, ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. దాని మీద పాలు ఎండి మీగడ కట్టినట్టు పొర ఉంది. గోటితో గీరింది. పొర ఊడి చుట్టుకుంది.

“మంచి ఫోమ్ తాగదు సార్. కానీ పైన ఇట్ల పొర కడతాది. వారం తొక్కితే చాలు. శ్రీకుమార్ చక్రం మేమిద్దరం కలిసి ఎక్కించినాం, దీపావళి ముందు. ఫోమ్ పెట్టినాక ఆ టైరు ఒక్కరి చేతికి రాదు, ఒకరు మోకాలితో తొక్కి పట్టాల. నేనే పట్టినా. పాలు నేనే పోసినా. టైరు లోపల చూడండి, గోడలకంతా పొర ఉంది. రింగు మీద చుక్క లేదు. పాల గిన్నెలో నెలరోజులు పడున్న గరిటె పొడిగా వస్తాదా?”

“తుడిచి ఉంటాడు.”

“ఎవరు? సీలు మీది కదా,” అన్నాను.

నాగప్పన్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. “అలమేలమ్మా, పొర కట్టింది, కట్టలేదు, ఇదంతా వంటింటి మాట. కోర్టులో నిలవదు. ఒక్కో ఫోమ్ ఒక్కో రకం. ఎక్స్‌పర్టును పెట్టి వాదిస్తా.”

నిజమే, వాదిస్తాడు. గెలుస్తాడు కూడా. వీళ్ళ కోర్టులు వీళ్ళ ఎక్స్‌పర్టులవి.

నేను వెంకట్రామ్ వైపు తిరిగాను. అతను మా మాటలు వింటున్నట్టు లేడు. వేలాడుతున్న టైరును సరిచేస్తున్నాడు. బొటనవేలితో టైరు పక్కగోడ మీద పసుప్పచ్చ అక్షరాల్లో అచ్చేసిన టైరు పేరు మీది దుమ్ము తుడుస్తున్నాడు. ఆ పేరు సరిగ్గా గాలి కొట్టే వాల్వు పక్కన, గీత గీసినట్టు కుదురుగా ఉంది.

“ఈ పేరు వాల్వు దగ్గరే ఉండాల్నా?” అని అడిగాను.

అతనికి ప్రాణం లేచొచ్చింది. పాపం, పనిని ప్రేమించే మనిషే. “ఉండాల మేడమ్. టైరు పేరు వాల్వు పక్కనే రావాల. ముల్లు దిగితే టైరులో కంత ఏ చోటో, రిమ్ములో ఏ చోటో దీన్ని బట్టే లెక్క తెలుస్తాది. చూసేదానికీ చక్రానికి ఒక మొహం ఉండాల. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్ళెవరూ వంకర పెట్టరు.”

“ఒకడు పెట్టేవాడు,” అంది సంయుక్త.

వెంకట్రామ్ వేలు ఆగిపోయింది.

“నిన్ను ఏడిపించేదానికే కదా అన్నా, శ్రీ తన టైరు పేరు వాల్వుకు సరిగ్గా ఎదురువైపు పెట్టుకునేవాడు. నువ్వు రోజూ తిట్టేవాడివి. తలకిందులుగా బొట్టు పెట్టుకున్నట్టుంది రా అని.” తన సొంత ఫోనులో ఒక ఫోటో తెరిచి బల్ల మీద పెట్టింది. అతను చనిపోయిన రోజు పొద్దున తీసింది. శ్రీకుమార్ బండి పక్కన నిలబడి నాలుక బయట పెట్టి నవ్వుతున్నాడు. వాల్వు పైన ఉంది. పసుప్పచ్చ పేరు చక్రం అడుగున, నేల దగ్గర.

నాగప్పన్ వంగి ఫోటోను ఒకసారి, చక్రాన్ని ఒకసారి చూశాడు.

“టైరు పడినప్పుడు జారి తిరిగింది,” అన్నాడు నాగప్పన్. మనిషి తెలివైనవాడే, ఆలోచించడానికి టైము తీసుకోడు.

“అర్ధ చుట్టు తిరిగి, సరిగ్గా వాల్వు పక్కకొచ్చి, వెంకట్రామ్‌కు నచ్చేటట్టు నిలబడిందా సార్? బాగా పెంచినారు టైరును.”

“నోరు అదుపులో పెట్టుకో.”

“మీ సీలు అదుపులో పెట్టుకోవాల్సింది. సీలు ఎవరూ విప్పలేదన్నారు, వీడియోలో ఉంది. టైరు పూర్తిగా ఊడదీసి మళ్ళీ ఎక్కించినట్టు కంటికి కనిపిస్తా ఉండాది. అంటే సీలు వేసే ముందే మార్చినారు, లేదంటే మీరే రెండోసారి వేసినారు. రెండిట్లోనూ మీరున్నారు.”

అతను లేచాడు. ఎత్తైన మనిషి. మీదకొచ్చి నిలబడ్డాడు. నేను కదల్లేదు, ఇంతకంటే పెద్ద పొట్టలు చూశాను. అతను పైనుంచి ఏదో తమిళంలో అంటున్నాడు, నేను వినడం మానేసి చక్రం ముందు వంగాను. జడలోంచి పిన్ను తీశాను. రిమ్ము లోపలి అంచులో, టైరు కూర్చునే మడతలో, పాలు ఎండి గట్టిపడిన ముద్ద ఒకటి ఉంది. దాన్ని పిన్నుతో పెకలించాను.

చిటికెనవేలి గోరంత ముక్క. ఒకవైపు పలచగా పచ్చరంగు. లోపలంతా బూడిద రంగు. వేళ్ళ మధ్య నొక్కితే బిస్కెట్టులా చిట్లింది, చిట్లిన చోట తెల్లగా ఎండిన పాలు.

“ఇదేంది వెంకట్రామ్?”

అతను చూసీ చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

“టీవీ పెట్టెలో వేసే ఫోమ్ కాదా ఇది? పైన పచ్చరంగు కొట్టినారు. పాలన్నీ తాగేసింది, ఎండి బిగుసుకుపోయింది, చిక్కిపోయి రిమ్ము మీద వదులైంది. ఆ పొద్దున ఆరున్నరకు ఈ పిల్ల గాలి కొలిచినప్పుడు సరిగ్గానే ఉంది. తర్వాత మీ ఓనరు ముఖేష్ సారు కంపెనీకి వీడియో తీయించుకోవాలని శ్రీకుమార్‌ను గంటన్నర సీమతుమ్మ ముళ్ళలో తిప్పినాడు. ముల్లు దిగింది. మూసేదానికి పాలు లేవు. గాలి పోతా ఉంటే చేతులకు తెలియలేదు, ఎందుకంటే లోపల ఎండిన ఫోమ్ ఆనుకుని ఉంది. మెట్టు దిగేటప్పటికి పట్టుకునేది ఏదీ లేదు. అవునా, కాదా?”

నాగప్పన్ చెయ్యి ముక్క మీదికి వచ్చింది. వేగమైన చెయ్యే. నేను అంతకంటే ముందే దాన్ని కాగితంలో చుట్టి, జాకెట్టులో దోపుకునే చిన్న పర్సులో పెట్టి, పర్సును ఉండే చోట ఉంచేశాను.

“తీసుకోండి సార్, చూద్దాం. వీడియో నడుస్తా ఉండాది.”

అతని చెయ్యి గాల్లోనే ఆగింది.

సంయుక్త వెంకట్రామ్ ముందుకెళ్ళింది. అరవలేదు. అరిచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

“అన్నా, నాకు టైరు ఊడదీసే లివరు పట్టుకునేది నేర్పించింది నువ్వు. అయిదింటికి నన్ను లోపలేస్తారు. శ్రీని నేనే చంపినానని రాస్తారు. ఆ రాత నువ్వు చదువుకుంటావా?”

అతను బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

“నేను వద్దన్నా పాపా. మొదట్లోనే వద్దన్నా. మంచి ఫోమ్ శాంపిల్‌కు తెప్పించినారు, అందరికీ అదే చూపించినారు. తర్వాత ఎన్నూరు దారిలో ప్యాకింగు ఫోమ్ కోసే గోడౌన్ నుంచి రింగులు దించినారు. పాలు తాగుతాది సార్ అని చెప్పినా. నీకెందుకు, ఎక్కించు అన్నాడు ముఖేష్ సారు.”

“మాకూ అవే ఇచ్చినావు, అందరి బండ్లకూ అవే ఎక్కించినావు.”

“ఎక్కించినా.”

“పడినాక మార్చమన్నది కూడా ముఖేషేనా?” అని నేనడిగాను.

“వెంకట్రామ్,” అన్నాడు నాగప్పన్. ఒక్క పేరే. స్టేషన్లో లాకప్పు ముందు నిలబడి పిలిచినట్టు.

వెంకట్రామ్ తల ఎత్తి అతన్నే చూశాడు. “ముఖేష్ సారు ఆ రోజు ఏడుస్తా కూర్చున్నాడు మేడమ్. ఒప్పేసుకుందాం అన్నాడు. మార్చమన్నది ఈయన. సరుకు తప్పంటే ఇన్సూరెన్సు కంపెనీ కట్టాల, ఆ పిల్ల తప్పంటే ఎవరూ ఏదీ కట్టనక్కర్లేదు అని సారుకు చెప్పింది ఈయన. శాంపిల్ రింగు పెట్టించి, నా ఎదుటనే లక్క కాచి సీలు వేసినాడు. పాత రింగు ఈయన కారు డిక్కీలో వేసుకుని పోయినాడు, పొద్దున చూసినా, ఇంకా ఆడనే ఉండాది.”

రెండు వారాలుగా నేను ముఖేష్ వెంట పడ్డాను. తప్పు చేసినవాడు వాడే, సందేహం లేదు. కానీ ఆ తప్పును ఒప్పుకోబోతుంటే నోరు నొక్కి, ఒక ఆడపిల్లను ఎరగా వేసినవాడు నా ఎదుటనే కుర్చీ వేసుకుని నన్ను ఎగతాళి చేస్తూ కూర్చున్నాడు.

నాగప్పన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు.

“సరి. మాట్లాడుకుందాం,” అన్నాడు. గొంతు మెత్తబడింది. “ఆ పిల్ల పేరు నేను తీసేయిస్తా. నా రిపోర్టు మారుస్తా. టైరు దానంతట అదే జారింది, ఎవరి తప్పూ లేదు, విధి. ఆదిమూలం నా కింద పని చేసినవాడే, నా మాట వింటాడు. అయిదింటికి ఆమె ఇంటికి పోతాది. నువ్వు ఆ ముక్కను కూవం నది నీళ్ళలో వేసేసి పోతావు. ఏమంటావమ్మా?”

నేను సంయుక్త వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఆ పిల్ల ఇంటికి పోతుంది. నాకు కావలసింది అదే కదా.

ఆ పిల్ల నాగప్పన్‌ను చూడనేలేదు. వెంకట్రామ్‌నే చూస్తోంది.

“అన్నా, రింగులు ఎన్ని దించినారు?”

“పాపా…”

“జట్టుకు నాలుగు బండ్లే కదా. ఆ నాలుగూ వెనక్కి తీసుకున్నారు. మిగతావి ఏడున్నాయి?”

వెంకట్రామ్ గోడ గడియారం చూశాడు. నాకు అప్పుడే భయం వేసింది.

“ఈ రోజు నాలుగింటికి ఎన్నూరులో సెలెక్షన్ పోటీ. కంపెనీయే బండ్లు ఇస్తా ఉంది. ముప్పై ఒక్కటి. రెండు చక్రాలకూ ఆ రింగులే. నెల కిందట నేనే ఎక్కించినా. ఈ పాటికి పాలు తాగేసి ఉంటాయి. అదే రాళ్ళమెట్టు దిగాల.”

నేను సంయుక్త చేతిలోంచి నా ఫోను తీసుకుని ముఖేష్‌కు చేశాను. రెండుసార్లు మోగి కట్ అయింది. మూడోసారి స్విచాఫ్.

సంయుక్త వెంకట్రామ్ బల్ల మీద తాళాలు తీసుకుంది. వర్క్‌షాపు స్కూటరువి.

“ఆడికి పోతే నిన్ను లోపలేస్తారు,” అన్నాను.

“వేయనీ అక్కా. మీ మాట వాళ్ళు వినరు. తొక్కేవాళ్ళంతా నాకు తెలుసు. స్టార్టింగు గీత మీద అడ్డంగా పడుకుంటా, తొక్కి పోతారా?”

పోయింది. నాగప్పన్ తలుపు దాకా నడిచి ఆమెను చూసి, జేబులోంచి కారు తాళం తీశాడు. డిక్కీ ఖాళీ చేసుకోవాలి కదా పాపం. వెంకట్రామ్ అతని కంటే ముందు లేచి షట్టరు కిందికి లాగి, లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆ మనిషి చేసిన తప్పు దానితో తీరదు. అయినా తీసుకున్నాను.

ఆదిమూలానికి ఫోను చేశాను. అతను హలో అనే లోపే మొదలుపెట్టాను.

“ఇన్‌స్పెక్టర్ గారూ, అలమేలును. మధ్యలో మాట్లాడొద్దు, వినండి. మీరు అరెస్టు చెయ్యాలనుకుంటున్న పిల్ల మీరు రావద్దన్న చోటికే వస్తా ఉండాది. రానివ్వండి. ఇప్పుడే జీపు తీసి ట్రాకు మీదికి పోండి. పోటీ ఆపండి. ముఖేష్ అడ్డమొస్తే వాణ్ణి పక్కన కూర్చోబెట్టండి. ముప్పై ఒక్క బండ్లు, రెండేసి చక్రాలు, మీ కళ్ళ ముందర ఒక్కొక్కటీ విప్పించండి. లోపలి రింగు వేళ్ళతో నలిపి చూడండి. చిట్లితే పక్కన పెట్టి సీలు వేయండి, మీ సీలు. పురసవాక్కానికి ఇంకో జీపు పంపండి, ఈడ మీ పాత ఇన్‌స్పెక్టరు నా తాళంలో ఉన్నాడు, ఆయన కారు బయట ఉండాది, డిక్కీ తెరిపించండి. ఎవరి మీద కేసు రాయాలో సాయంత్రం కూర్చుని తేల్చుకుందాం. ముందు చక్రాలు విప్పండి.”